అంచుకి పేరు పెట్టినాయన

లియోనార్డ్ ఆయిలర్ 1707లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టాడు. నాన్న పాస్టర్. కొడుకూ చర్చిలోకే రావాలని ఆయన కోరిక. జోహాన్ బెర్నౌలీ కల్పించుకుని, కుర్రాడికి లెక్కలే సరైన దారని నచ్చజెప్పాడు. (మన ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ టైమ్‌లో ఏ బెర్నౌలీ రాడు, అది వేరే సంగతి.) 20 ఏళ్లకే సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరాడు. 30 దాటగానే కుడి కంటి చూపు పోయింది. 1741లో బెర్లిన్ వెళ్లాడు.

అక్కడే, 1750లో, గోల్డ్‌బాక్ అనే స్నేహితుడికి ఒక ఉత్తరం రాశాడు. అందులో విషయం ఇదీ: చదునైన ముఖాలుండి, మధ్యలో చిల్లు లేని ఏ ఘనమైనా తీసుకోండి. మూలల లెక్కలోంచి అంచులు తీసేసి, ముఖాలు కలిపితే 2 వస్తుంది. పొడవులతో, కోణాలతో పనే లేదు. అసలు ఘనానికి అంచు అనే భాగం ఉందని పేరు పెట్టి లెక్కపెట్టింది ఆయనే.

ఇప్పుడు విమానం రెక్క చుట్టూ గాలి ఎలా పోతుందో స్క్రీన్ మీద చూపించాలనుకోండి. ఆ ఖాళీని చిన్న చిన్న ఘనాలుగా కొయ్యాలి. రెక్కకి ఆనుకుని ఇటుకల్లాంటి హెక్సాహెడ్రన్‌లో, పల్చటి వెడ్జ్‌లో వేస్తారు. దూరంగా టెట్రాహెడ్రన్‌లు సులువు. కానీ ఇటుక ముఖానికి నాలుగు అంచులు, టెట్రా ముఖానికి మూడే. రెండూ అతకవు. మధ్యవర్తి పిరమిడ్: అడుగు ఇటుకకి, పక్కలు టెట్రాలకి.

ఈ కలగాపులగం మెష్‌ని వీటీకే సాఫ్ట్‌వేర్ దాచుకునే తీరు చూస్తే ఆయిలరే గుర్తొస్తాడు. పాయింట్ల లిస్టు ఒకటి, ఏ సెల్‌కి ఏ పాయింట్లో చెప్పే లిస్టు ఒకటి, ఒక్కో సెల్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆఫ్‌సెట్లు, చివరగా టైప్ నంబర్. 10 అంటే టెట్రా, 12 హెక్సా, 13 వెడ్జ్, 14 పిరమిడ్. ఈ నాలుగు రకాలకీ అంచులు, ముఖాలు విడిగా రాయక్కర్లేదు, టైప్‌ని బట్టే తెలిసిపోతాయి. సరిచూసుకోండి: 4-6+4, 8-12+6, 6-9+5, 5-8+5. అన్నీ 2.

ఆయన రుజువులో మాత్రం లొసుగుంది. ఘనంలోంచి టెట్రాలు కోసి తీసేస్తూ చివరికి ఒక్కటే మిగిలేదాకా వెళ్లాడు, కానీ ఎలా పడితే అలా కోస్తే కుదరదు. 1794లో లెజాండ్ర్ గట్టి రుజువిచ్చాడు. అయినా ఆ కోత పాతబడలేదు. ఇవాళ్టికీ చాలా అల్గారిథమ్‌లు ఇటుకనైనా వెడ్జ్‌నైనా ముందు టెట్రాలుగా కోసుకుంటాయి.

1766లో పీటర్స్‌బర్గ్ తిరిగెళ్లాక రెండో కంటికి శుక్లం వచ్చింది. 1771లో ఆపరేషన్ చేస్తే కొన్నాళ్లు కనబడి, మళ్లీ చీకటి. అదే ఏడు ఇల్లు కాలిపోతే ఊరివాడొకడు భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ఆ తర్వాత ఆయన నోటితో చెప్తుంటే కొడుకు, శిష్యులు రాసుకునేవాళ్లు. మొత్తం పనిలో దాదాపు సగం రెండోసారి పీటర్స్‌బర్గ్ వెళ్లాక చేసిందే.

1783 సెప్టెంబర్ 18న, రెండేళ్ల కిందటే కనిపెట్టిన యురేనస్ కక్ష్య గురించి మాట్లాడాడు. మనవడితో ఆడుకున్నాడు. ఆ రాత్రే పోయాడు.