విటమిన్‌కు నకలు చేసి రక్త క్యాన్సర్‌ను నిలువరించిన యల్లాప్రగడ సుబ్బారావు

1947 డిసెంబరు చివరి రోజులు. అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో రెండేళ్ల బాబుకు కొత్త మందొకటి ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ బాబుకు తీవ్రమైన రక్త క్యాన్సర్. ఆ రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లోనో, నెలల్లోనో చనిపోయేవారు. వైద్యులు చేయగలిగిందల్లా రక్తం ఎక్కించి, నొప్పి తగ్గించడమే. కొత్త మందుతో ఆ బాబు రక్తంలో క్యాన్సర్ కణాలు తగ్గుముఖం పట్టాయి. మందు ఇచ్చింది సిడ్నీ ఫార్బర్. దాన్ని తయారు చేసి పంపింది న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనశాల. అక్కడి పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఫార్బర్‌ను ప్రపంచం ఆధునిక కీమోథెరపీ పితామహుడిగా గుర్తుపెట్టుకుంది. సుబ్బారావు పేరు మాత్రం తెలుగునాట కూడా చాలామందికి ఆలస్యంగానే తెలిసింది.

తమ్ముడు, అన్న, స్ప్రూ జబ్బు

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. పెద్ద కుటుంబం, చాలీచాలని ఆదాయం. పదమూడేళ్ల వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయిన కుర్రాడాయన. తల్లి వెనక్కి తెప్పించి మళ్లీ బడిలో వేశారు. తండ్రి పోయాక ఒంటి మీది బంగారం అమ్మి మరీ చదివించారు. అయినా మెట్రిక్ గట్టెక్కడానికి ఆయనకు మూడు ప్రయత్నాలు పట్టింది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్ చదివే రోజుల్లో ఆయన మనసు సన్యాసం మీదికి మళ్లింది. రామకృష్ణ మఠం వారు వైద్యం నేర్చుకుని జనానికి సేవ చేయమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ఆదుకున్నారు. గాంధీ పిలుపుతో ఆపరేషన్ గదిలోకి ఖద్దరు దుస్తులు వేసుకుని వెళ్లడం ఆంగ్లేయ శస్త్రచికిత్స ఆచార్యుడికి నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ కాలంలోనే ఇంటి మీద పిడుగు పడింది. రోజుల వ్యవధిలో అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది పేగులకు అంటక, రక్తం పలచబడి, మనిషి కళ్లముందే కృశించిపోయే జబ్బు అది. తర్వాత సుబ్బారావుకూ అదే సోకింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. ఆ తర్వాత అదే లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. ఈ జబ్బుకు మూలం ఏమిటో, మందు ఏమిటో తేల్చాలన్న పట్టుదల అప్పుడు పుట్టింది. జీవితాంతం ఆయన్ను వదల్లేదు.

హార్వర్డ్‌లో పదిహేడేళ్లు

1920ల ఆరంభంలో మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో ఆయన బోస్టన్ చేరారు. మద్రాసు పట్టాతో అక్కడ డాక్టరు కొలువు దొరకదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట సహాయకుడిగా రోగుల మలమూత్రాలు ఎత్తుతూ హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివారు. కొన్నేళ్లలో తిరిగొస్తానని భార్య శేషగిరికి చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే కన్నుమూశాడు. సుబ్బారావు జీవితంలో సమర్థించడం కష్టమైన అధ్యాయం ఇది. ఆయన సాధించినదాన్ని లెక్కగట్టేటప్పుడు, దానికి ఊళ్లో ఒక స్త్రీ చెల్లించిన మూల్యాన్ని కూడా లెక్కలో వేయాల్సిందే.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది దశాబ్దాల పాటు జీవరసాయన విద్యార్థుల పాఠాల్లో ఉంది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. కండరం కదలడానికి కావాల్సిన శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఈ రెండూ కీలకం. నోబెల్ బహుమతి పొందిన అప్పటి లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతాన్ని మళ్లీ ఆలోచించేలా చేశాయి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా ఏటీపీని గుర్తించాడు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో ఆయన హార్వర్డ్ వదిలి లెడర్లీకి వెళ్లారు.

అన్నం పెట్టే మందు, ఆకలి పెట్టే మందు

లెడర్లీలో ఆయన చేతికి డబ్బు, రసాయన శాస్త్రవేత్తల బృందం వచ్చాయి. వెంటనే పాత పగ మీదికి వెళ్లారు. బొంబాయి జౌళి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనిపించే రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు 1930 ప్రాంతంలో చూపించారు. ఆ సారంలో ఉన్న పదార్థమేదో తెలియలేదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి దాన్ని వేరు చేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీద ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు నుంచి చిటికెడు దొరికే పదార్థంతో రోగులకు వైద్యం చేయలేరు. సుబ్బారావు బృందం దాని నిర్మాణాన్ని విప్పి, 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పట్టింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు పాతికేళ్ల తర్వాత సమాధానం దొరికింది.

కథ అక్కడితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం రక్తహీనతను తగ్గిస్తే రక్త క్యాన్సర్‌నూ తగ్గించవచ్చని ఫార్బర్ ఆశించాడు. లెడర్లీ పంపిన ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలను పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా మరింత ఉరకలెత్తింది. విషాదమే, కానీ అందులోనే ఆధారం దొరికింది. క్యాన్సర్ కణం వేగంగా విభజన చెందాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారీకి ఫోలేట్ కావాలి. విటమిన్ ఇస్తే కణం బలుస్తోందంటే, విటమిన్ అందకుండా చేస్తే కణం చావాలి.

ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయడం నేర్చిన రసాయన శాస్త్రవేత్తలకు దాని నకలు చేయడం కూడా తెలుసు. అణువులో ఒక మూల ఉన్న ఆక్సిజన్ భాగం స్థానంలో అమైనో భాగాన్ని పెట్టారు. అలా వచ్చిందే ఎమినోప్టెరిన్. తాళంలో దూరి ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటిది. కణంలోని ఎంజైమ్ దాన్ని నిజమైన విటమిన్ అనుకుని గట్టిగా పట్టుకుంటుంది, ఇక వదల్లేదు. డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది.

ఫార్బర్ బృందం 16 మంది పిల్లలకు ఈ మందు ఇస్తే 10 మందిలో మెరుగుదల కనిపించింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఉపశమనం కొద్ది నెలలే నిలిచింది, జబ్బు తిరగబెట్టింది. కానీ రసాయనంతో రక్త క్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చని తేలింది. కొద్దిపాటి మార్పుతో అదే పరిశోధనశాలలో తయారైన మెథోట్రెక్సేట్ కాస్త సురక్షితంగా ఉండి, తర్వాత ఆ స్థానాన్ని తీసుకుంది. అనేక మందులను కలిపి వాడడం నేర్చుకున్నాక, సంపన్న దేశాల్లో పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ రక్త క్యాన్సర్ నుంచి పది మందిలో తొమ్మిది మంది వరకు బయటపడుతున్నారు. ఆ మందుల జాబితాలో మెథోట్రెక్సేట్ నేటికీ ఉంది.

కణం గుమ్మంలో చక్కెర పూత

సుబ్బారావు కాలంలో తెలియని ఒక సంగతి ఉంది. మందు కణంలోకి ఎలా వెళ్తుంది? మన కణాల ఉపరితలం నున్నటి గోడ కాదు. పొరలో ప్రోటీన్లు ఇమిడి ఉంటాయి. వాటిలో చాలావాటికి చక్కెర గొలుసులు అంటుకుని ఉంటాయి. వీటిని గ్లైకోప్రోటీన్లు అంటారు. ఫోలేట్‌ను లోపలికి చేరవేసే వాహక ప్రోటీన్ కూడా ఇలా చక్కెర గొలుసు తగిలించుకున్నదే. మెథోట్రెక్సేట్ విటమిన్ వేషంలో ఇదే గుమ్మం గుండా దూరుతుంది. ఈ వాహకాన్ని తగ్గించుకున్న క్యాన్సర్ కణాలు మందుకు లొంగవు. దాని జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ క్రోమోజోమ్ అదనంగా ఉన్న కొన్ని రకాల రక్త క్యాన్సర్ కణాల్లో మందు ఎక్కువగా పోగవుతుంది. ఆ పిల్లలు చికిత్సకు బాగా స్పందించడానికి ఇదొక కారణం.

ఇప్పటి పరిశోధన అదే ఉపరితలం మీద ఉంది. క్యాన్సర్ కణాలు తమ చక్కెర పూత చివర్లలో సియాలిక్ ఆమ్లాన్ని దట్టంగా పేర్చుకుంటాయి. రోగనిరోధక కణాల మీద ఉండే సిగ్లెక్ అనే ప్రోటీన్లు దాన్ని తాకినప్పుడు, ఇది మనవాడే అన్న సంకేతం అంది దాడి ఆగిపోతుంది. మైలాయిడ్ రక్త క్యాన్సర్ కణాల మీద కనిపించే సీడీ33 కూడా సిగ్లెక్ కుటుంబానిదే. దాన్ని గురిపెట్టిన మందు వాడుకలో ఉంది. 2023లో మన దేశంలో అనుమతి పొందిన తొలి స్వదేశీ కార్-టి చికిత్స సీడీ19 అనే మరో గ్లైకోప్రోటీన్‌ను ఆనవాలు పట్టి దాడి చేస్తుంది. సుబ్బారావు బృందం కణం తిండి మీద దెబ్బ కొట్టింది. ఈ తరం కణం ఒంటి మీది పూతను చదువుతోంది. రెండింటి వెనకా ఉన్నది ఒకటే ప్రశ్న: క్యాన్సర్ కణానికి బతకడానికి ఏం కావాలి?

పేరు ఎందుకు నిలవలేదు?

లెడర్లీలో ఆయన ఆధ్వర్యంలో ఇంకా చాలా జరిగాయి. బోదకాలుకు హెట్రజాన్ అక్కడి నుంచే వచ్చింది. నేడు ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర అదే. తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ అక్కడే కనుగొన్నాడు. 1994లో సూరత్ ప్లేగు సమయంలో జనం మింగిన టెట్రాసైక్లిన్ మాత్రలు ఆ కుటుంబానివే.

ఆ పరిశోధన పత్రాల్లో చాలావాటిలో ఆయన పేరు ముందు వరుసలో ఉండదు. పని చేసిన యువ శాస్త్రవేత్తలను ముందుకు పంపి తాను వెనక ఉండడం ఆయన అలవాటు. కంపెనీ పరిశోధన కాబట్టి ఘనత సంస్థ ఖాతాలోకి వెళ్లింది. భారతీయులకు పౌరసత్వమే నిరాకరించిన దేశంలో ఆయన రెండు దశాబ్దాలు బతికారు. 1946లో చట్టం మారాక కూడా అమెరికా పౌరుడు కాలేదు. అక్కడివారికి పరాయివాడిగా, ఇక్కడివారికి వెళ్లిపోయినవాడిగా మిగిలారు. ఇవన్నీ కలిసి ఆయన్ను మరుగున పెట్టాయి. అన్యాయం కొంత, స్వభావం కొంత.

ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి తపాలా శాఖ ఒక బిళ్ల విడుదల చేసింది.

కీళ్లవాతం ఉన్నవారికి నేటి వైద్యులు వారానికి ఒక్కసారి తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ రాస్తారు. రోజూ పొరపాటున వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఏ వారమో మరీ మరీ చెబుతారు. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి విడిగా ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. ఒకే చీటీ మీద పక్కపక్కనే ఉండే ఆ రెండు పేర్లూ పెర్ల్ రివర్‌లోని ఒకే పరిశోధనశాల నుంచి వచ్చినవే. గర్భిణికి ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలోనూ ఆ పరిశోధనశాల శ్రమ ఉంది.