విలియం ఫార్ - రోగవర్గీకరణము

సుశ్రుతుడు నిదానస్థానమున భగ్నములను సంధిముక్తములు, కాండభగ్నములు అని విభజించి, మొదటివానిని ఆరు, రెండవవానిని పన్నెండు విధములుగా నిరూపించెను. అది చికిత్సకై ఏర్పడిన విభాగము. దేశమందలి రోగములను, గాయములను లెక్కించుటకై వేరొక విభాగము పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో రూపొందినది. దానిని తీర్చినవాడు విలియం ఫార్.

ఫార్ 1807లో ష్రాప్‌షైర్ మండలమందలి కెన్లీ గ్రామమున నిరుపేద కుటుంబమున జన్మించెను. ఆ ప్రాంతపు భూస్వామి యొకడు చేరదీసి చదివించెను. పారిస్‌లోను, లండన్‌లోను వైద్యమభ్యసించి 1832లో అపోథికరీల సంఘమువారి యోగ్యతాపత్రమును పొందెను. మొదటి భార్య 1837లో క్షయవ్యాధితో మరణించినది. అనతికాలముననే జననమరణములను నమోదుచేయు జనరల్ రిజిస్టర్ ఆఫీసున చేరి, సుమారు నలువది సంవత్సరములు అచటనే పనిచేసెను.

అచటికి వచ్చు మరణపత్రములలో ఒకే రోగమునకు మూడు నాలుగు పేర్లుండెడివి. పేర్లు కుదురనిదే లెక్క కుదురదని ఫార్ గ్రహించెను. 1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ, అన్ని దేశములకు పనికివచ్చు పట్టికను సిద్ధపరచు భారమును ఆయనకును, జెనీవా వైద్యుడు మార్క్ దెస్పీన్‌కును అప్పగించినది. 1855లో ఇరువురును వేర్వేరు పట్టికలు సమర్పించిరి. దెస్పీన్ రోగస్వభావమును ఆధారము చేసికొనెను. ఫార్ ఐదు వర్గములు చేసి, స్థానికరోగములను శరీరావయవముల ననుసరించి అమర్చి, అభిఘాతజములకు ప్రత్యేకవర్గము నిచ్చెను. ఇవి మన ఆగంతువ్యాధులకు సన్నిహితములు. సభవారు రెంటిని కలిపి 139 శీర్షికల పట్టికతో సరిపెట్టిరి. తరువాతి సవరణలలో నిలిచినది ఫార్ పద్ధతియే. రోగస్వభావమున వైద్యులు విభేదింపవచ్చును. విరిగిన యెముక ఎచటిదో చెప్పుటకు వివాదమేల?

అయినను అది మృతుల పట్టిక. కాలివ్రేలు విరిగినవాడు కుంటునే గాని మరణింపడు గదా! ప్రాణము తీయక మనుష్యుని అశక్తుని జేయు బాధలనుగూడ చేర్చవలెనని ఫార్ తలచెను. 1860లో లండన్ మహాసభయందు ఫ్లారెన్స్ నైటింగేల్ ఆయన వర్గీకరణమునే ఆసుపత్రులలో వాడవలెనని ప్రతిపాదించినది. అది ఆయన జీవితకాలమున నెరవేరలేదు. రిజిస్ట్రార్ జనరల్ పదవి తనకు దక్కనందున 1880లో ఉద్యోగము విడిచి, 1883లో కీర్తిశేషుడయ్యెను.

జాక్ బెర్తియోఁ 1893లో సమర్పించిన జాబితాయు మరణకారణములదే. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన ఆరవ సవరణలోగాని మారకములు కాని వ్యాధులకు, గాయములకు అందు పూర్తి స్థానము లభింపలేదు. 1990లో ఆమోదింపబడి, పెక్కు దేశములలో నేటికిని వాడుకలోనున్న పదవ సవరణలో పాదపు బొటనవ్రేలి భగ్నమునకు ఎస్ 92.4, తక్కిన కాలివ్రేళ్లకు ఎస్ 92.5 సంకేతములు. వ్రేలిపై బరువు పడి విరిగెనేని, ఆ కారణమును తెలుపుటకు డబ్ల్యు 20 అను వేరొక సంకేతమును చేర్చుదురు.