చంద్రుని కొలిచిన చంద్రశేఖరుడు

చంద్రుడు మనకు నిత్యపరిచితుడే. కాని మనకూ అతనికీ నడుమనున్న దూరం మాత్రం నిత్యమూ ఒక్కటిగా ఉండదు. భూమి చుట్టూ అతడు తిరిగే కక్ష్య దీర్ఘవృత్తం. అందులో భూమికి మిక్కిలి దూరమైన చోటును మన సిద్ధాంత గ్రంథాలు ఉచ్చమనీ, తుంగమనీ పేర్కొన్నాయి. మిక్కిలి సమీపమైన చోటు నీచం. (జాతకాలలో వినిపించే ఉచ్చనీచాలు వేరు, వాటితో దీనికి సంబంధం లేదు.) సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉండే చంద్రుడు నీచంలో ఒక్కొక్కసారి 3,57,000 కిలోమీటర్ల చేరువకు వస్తాడు; ఉచ్చంలో 4,06,000 కిలోమీటర్లు దాటిపోతాడు. చేరువైనప్పుడు వడిగా, దూరమైనప్పుడు మెల్లగా నడుస్తాడు. పంచాంగంలో ఒక తిథి సుమారు 20 గంటలకే ముగియడానికీ, మరొకటి 26 గంటలకు పైగా సాగడానికీ ముఖ్యకారణం ఇదే. ఈ నడకలోని చిక్కుముడులను దూరదర్శిని సాయం లేకుండా విప్పిన ధీమంతుడు సామంత చంద్రశేఖరుడు.

ఆయన 1835 డిసెంబరు 13న ఒడిశాలోని ఖండపడా సంస్థానంలో, రాజవంశానికి చెందిన ఒక కుటుంబంలో జన్మించారు. అన్నలు పసితనంలోనే కన్నుమూయడంతో, ఈ బిడ్డయినా దక్కాలని తల్లిదండ్రులు మాటవరుసకు ఒక ముస్లిం ఫకీరుకు అమ్మి, తిరిగి తెచ్చుకున్నారు. అందువల్ల ఆయనకు పఠాణి అనే పేరు వచ్చింది. పుట్టిన శిశువును పెంటమీద ఉంచి తెచ్చుకొని పెంటయ్య అని పిలుచుకొనే ఆచారం మన పల్లెలలోనూ ఉండేది. ఒడిశా ప్రజలకు ఆయన నేటికీ పఠాణి సామంతుడే.

పదేళ్ల ప్రాయంలో పినతండ్రి ఆయనకు నక్షత్రాలను గుర్తించడం నేర్పారు. ఆంగ్లవిద్య లేదు, సంస్కృతం, ఒడియా మాత్రమే తెలుసు. ఇంటనున్న తాళపత్ర గ్రంథాలను ఆధారం చేసుకొని పదిహేనేళ్లకే గ్రహగణితం చేయసాగారు. అక్కడే ఒక సంకటం ఎదురైంది. శాస్త్రం చెప్పిన వేళకు, చెప్పిన చోట గ్రహాలు కనిపించలేదు. సూర్యసిద్ధాంతం వంటి గ్రంథాలను పూజ్యభావంతో చదివిన యువకునికి అది చిన్న విషయం కాదు. తిథి తప్పితే ఏకాదశి తప్పుతుంది, శ్రాద్ధం తప్పుతుంది, దేవాలయంలో ఉత్సవం తప్పుతుంది. గ్రంథాన్ని నమ్మాలా, కంటిని నమ్మాలా? ఆయన గ్రంథాన్ని విడువలేదు. కంటికి కనబడినదానితో దానిని సరిదిద్ద పూనుకున్నారు.

పరికరాలను స్వయంగా చేసుకున్నారు. వాటిలో ముఖ్యమైనది మానయంత్రం. ఒక కర్ర కొసకు అడ్డంగా మరొక కర్రను బిగించి, అడ్డకర్రపై కోణాలను సూచించే గుర్తులు పెట్టుకోవడమే దాని నిర్మాణం. దానితో ఏళ్ల తరబడి రాత్రులు చంద్రుని వెంటబడ్డారు.

పూర్వసిద్ధాంతులు చంద్రగతిని ప్రధానంగా గ్రహణాలతో సరిచూసుకొనేవారు. గ్రహణాలు పూర్ణిమకు, అమావాస్యకు మాత్రమే వస్తాయి. ఆ రోజులలో వారి లెక్క చాలవరకు సరిపోయేది. అష్టమి ప్రాంతంలో మాత్రం రెండున్నర డిగ్రీల వరకు తప్పేది. అది పూర్ణచంద్రబింబం వెడల్పుకు సుమారు ఐదు రెట్లు. తిథిలో దాదాపు ఐదు గంటలు! సూర్యుని ఆకర్షణవల్ల చంద్రకక్ష్య ఒకప్పుడు ఎక్కువగా, ఒకప్పుడు తక్కువగా సాగుతుంది. ఉచ్చనీచాల దూరాలు కూడ మారుతుంటాయి. ఆ కారణం సామంతునికి తెలియదు. ఫలితాన్ని మాత్రం ఆయన పట్టుకొని, తుంగాంతర సంస్కారమని పేరు పెట్టారు. పక్షంలోని రోజులను బట్టి కలిగే భేదానికి పాక్షికమనీ, సూర్యుని వార్షికగతిని బట్టి కలిగే భేదానికి దిగంశమనీ మరి రెండు సంస్కారాలు చెప్పారు. దిగంశానికి ఆయన ఇచ్చిన విలువ 12 కళలు. నేటి విలువ 11 కళలకు కొంచెం ఎక్కువ. ఈ మూడూ యూరప్‌లో అప్పటికే తెలిసినవే. అయితే ఆ గ్రంథాలేవీ ఖండపడాకు చేరలేదు.

ఈ కృషికంతటికీ ఫలం సిద్ధాంతదర్పణం. సుమారు 2500 సంస్కృత శ్లోకాల గ్రంథమిది. ఒడియా లిపిలో తాటాకులపై వ్రాశారు. ఇందులో గ్రహాలు సూర్యుని చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారు. భూమి కదలదు. ఈ విషయంలో ఆయన పొరబడ్డారని ఒప్పుకొనవలసిందే. తనకు మూడు వందల ఏళ్ల క్రితం డెన్మార్కులో టైకో బ్రాహి చేసిన ఊహ కూడ ఇటువంటిదే. నిద్రలేని రాత్రులు ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి.

చాలాకాలం ఆ గ్రంథం తాటాకులలోనే ఉండిపోయింది. 1893లో ప్రభుత్వం మహామహోపాధ్యాయ బిరుదమిచ్చింది. కటకంలోని రావెన్షా కళాశాల ఆచార్యుడు జోగేశ్ చంద్ర రాయ్ ఈ కృషి విలువను గుర్తించి, విపులమైన ఆంగ్ల పీఠికతో 1899లో సిద్ధాంతదర్పణాన్ని కలకత్తాలో అచ్చు వేయించారు. నేచర్ పత్రిక దానిని సమీక్షించింది. పూరీ జగన్నాథాలయ ఉత్సవాలకు సామంతుని గణితమే ఆధారమైంది. జీవితపు చివరి దశలో రాయ్ చూపిన దూరదర్శినిలోంచి ఆయన మొదటిసారి ఆకాశాన్ని చూశారు. అప్పటికే గ్రంథరచన ముగిసి ఎన్నో ఏళ్లు గడిచింది. 1904 జూన్ 11న పూరీలో ఆయన పరమపదించారు.