కృష్ణాపత్రికా సంపాదకులు ముట్నూరి కృష్ణారావుగారు

కృష్ణానది పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, సముద్రంలో కలిసేలోగా తన నడుమ నిలిపిన నేల దివిసీమ. ఆ దివి తాలూకాలోని ముట్నూరు గ్రామంలో 1879వ సంవత్సరంలో కృష్ణారావుగారు జన్మించారు. పుట్టిన కొద్దికాలానికే తల్లినీ, పసితనంలోనే తండ్రినీ కోల్పోయిన ఆ బాలుని పినతండ్రి పెంచి పెద్దచేశారు. చదువుకు బందరు పంపారు.

నాటి బందరు క్షీణదశలో ఉన్న రేవుపట్నం. 1864 నాటి ఉప్పెనలో ఆ పట్నమూ, దాని పరిసర గ్రామాలూ కలిసి సుమారు ముప్పదివేల ప్రాణాలు పోగొట్టుకున్నాయి. ఓడల వర్తకం క్రమంగా తరిగిపోయింది. అయితే బెజవాడ ఆనకట్ట పుణ్యమా అని చుట్టుపట్ల పంటలు పండాయి. పట్టణంలో వకీళ్లూ, ఉపాధ్యాయులూ, విద్యార్థులూ పెరిగారు. వర్తకం పోయిన చోట విద్య నిలిచింది. కృష్ణారావుగారు హిందూ ఉన్నత పాఠశాలలోను, పిమ్మట నోబుల్ కళాశాలలోను చదివారు. నోబుల్ కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి శిష్యరికం ఆయన మనస్సును బ్రహ్మసమాజం వైపు తిప్పింది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారి చెలిమి కూడ నాటిదే. పై చదువుకు మద్రాసు వెళ్లారు గాని పట్టా పుచ్చుకోలేదు. ఆ రోజుల్లో పట్టా అంటే సర్కారు కొలువుకు తలుపు. ఆ తలుపు తట్టకుండానే ఆయన బందరు తిరిగివచ్చారు.

అక్కడ ఆయన కోసమే అన్నట్టు ఒక పత్రిక వేచి ఉన్నది. 1902 ఫిబ్రవరి 2వ తేదీన కొండ వెంకటప్పయ్య, దాసు నారాయణరావుగార్లు కృష్ణాపత్రికను స్థాపించారు. తొలుత అది పక్షపత్రిక; తరువాత వారపత్రిక అయింది. కొద్దికాలంలోనే నారాయణరావుగారు అకాలమరణం పొందారు. గుంటూరు ప్రత్యేక జిల్లా అయిన పిమ్మట వెంకటప్పయ్యగారు అక్కడికి తరలిపోయారు. ఉపసంపాదకుడుగా చేరిన యువకుని చేతికే పత్రికాభారమంతా వచ్చింది. 1907లో కృష్ణారావుగారు సంపాదకులైనారు. 1945లో కన్నుమూసే వరకు ఆ పీఠం విడువలేదు. ముప్పదియెనిమిది సంవత్సరాలు!

ఆ 1907వ సంవత్సరమే ఆంధ్రదేశానికి మేలుకొలుపు. వంగదేశ విభజన రగిల్చిన వందేమాతరం ఉద్యమాన్ని వివరించడానికి బిపిన్ చంద్రపాల్ మన దేశానికి వచ్చారు. ఆయన వెంట ఉండి, విశాఖపట్నం మొదలు బందరు వరకు ఊరూరా సభలు నడిపించినవారిలో కృష్ణారావుగారు ముఖ్యులు. ఆ పర్యటన ఫలితాలు తీవ్రంగానే ఉన్నాయి. రాజమహేంద్రవరంలో విద్యార్థులు కళాశాలల నుండి బహిష్కృతులైనారు. వారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపి, 1908లో రాజద్రోహ నేరంపై చెరసాల పాలైనారు. 1910లో పత్రికాశాసనం వచ్చింది. ధరావతు కట్టమని ప్రభుత్వం ఏ పత్రికనైనా అడుగవచ్చు, కట్టిన ధరావతును లాగుకొననూవచ్చు.

ఇట్టి కాలంలో ఒక చిన్న పట్టణంలో వారపత్రిక నడపడమంటే ప్రతి వాక్యమూ తూచి వ్రాయవలసిందే. కృష్ణారావుగారు రాజకీయాన్ని విడిచిపెట్టలేదు. దానిని తత్త్వంతోను, కళతోను, పురాణ ప్రతీకలతోను కలిపి నేశారు. ఇది చట్టభయం వల్ల మాత్రమే కలిగిన పద్ధతి అనుకుంటే ఆయనను తక్కువగా అంచనా వేసినట్లే. స్వరాజ్యం పాలకుల మార్పుతో తీరిపోయేది కాదనీ, జాతి తన సారస్వతాన్నీ, శిల్పాన్నీ, సంగీతాన్నీ గుర్తించుకోవడం కూడ స్వరాజ్యమేననీ ఆయన నమ్మకం. ఆ నమ్మకమే 1910లో రూపం ధరించింది. కోపల్లె హనుమంతరావు, పట్టాభిసీతారామయ్యగార్లతో కలిసి ఆయన బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. పుస్తకవిద్యతోపాటు చేతిపనులకూ, చిత్రలేఖనానికీ అక్కడ చోటు కల్పించారు. వంగదేశం నుండి వచ్చిన ప్రమోదకుమార చటోపాధ్యాయ చిత్రలేఖనం నేర్పింది అక్కడే; అడివి బాపిరాజుగారు చిత్రలేఖనం అభ్యసించిందీ అక్కడే.

ఆంధ్రరాష్ట్రోద్యమంలో ఆయన పాత్ర ఎంతో ఉన్నది. 1913 బాపట్ల మహాసభ నాటి నుండి కృష్ణాపత్రిక ఆ వాదానికి బాసటగా నిలిచింది.

సాయంకాలాలలో పత్రికా కార్యాలయంలో దర్బారు జరిగేది. నాటి బందరువారు దానిని ఆ పేరుతోనే పిలిచేవారు. కవులు, గాయకులు, వకీళ్లు, ఉపాధ్యాయులు చేరేవారు. పద్యం చదివినవాడు మెప్పు పొందవచ్చు, తప్పులు దిద్దించుకొననూవచ్చు. గుడివాడ వైపు పల్లెల నుండి, దివి లంకల నుండి బందరు వచ్చిన సాహిత్యాభిలాషికి కాలువ పడవ దిగగానే చూడదగిన చోటు అది.

ఆయన శైలి మీద ఆక్షేపణ లేకపోలేదు. సంస్కృత సమాసాలు, దీర్ఘవాక్యాలు, తంత్రశాస్త్ర పరిభాష - ఇవన్నీ రైతుకు ఎలా అందుతాయి? జిల్లా ప్రజల గొంతుగా పుట్టిన పత్రికను ఆ జిల్లా ప్రజలే చదువలేకపోతే ఎట్లా? ఇది న్యాయమైన ప్రశ్నే. ఆ సంపాదకీయాలలో కొన్ని నేటికీ ఒక్క పఠనంలో కొరుకుడుపడవు. కృష్ణామండలంలోనే ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రిక వార్తలతో విస్తరించి, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. కృష్ణాపత్రిక వారపత్రికగానే ఉండిపోయింది. వార్త తెలియడానికి పాఠకుడు దానిని విప్పలేదు. వార్తను గురించి కృష్ణారావుగారు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి విప్పాడు. కఠినమైన పంక్తిని చదివి విప్పి చెప్పే పనిలో పల్లెటూరి బడిపంతులుకు ఒక గౌరవం ఏర్పడింది. భాషను సులభం చేసి ఉంటే పాఠకులు పెరిగేవారేమో. అయితే ఆ వచనం మాత్రం మనకు మిగిలేది కాదు. ఈ రెంటిలో రెండవదే ఎక్కువ నష్టమని నా అభిప్రాయం.

1945లో కృష్ణారావుగారు మరణించారు. కోరిన స్వాతంత్ర్యం రావడానికి మరి రెండేండ్లు, ఆంధ్రరాష్ట్రానికి ఎనిమిదేండ్లు మిగిలి ఉన్నాయి. పత్రిక ఆగలేదు, కాటూరి వెంకటేశ్వరరావుగారు కొంతకాలం సంపాదకత్వం వహించారు. వారం వారం వ్రాసి అచ్చుకిచ్చిన వ్యాసాలలో కొన్నింటిని ఆయన పోయిన పిమ్మట ఏరి కూర్చారు. సమీక్ష, లోవెలుగులు అనేవి ఆ సంపుటాలు.