వెలుగుదారి: జిమ్ థోర్ప్ జీవితం



ఈ నెల గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. కొమురం భీం గురించి, అల్లూరి సీతారామరాజు గురించి మన సీనియర్లు చాలాసార్లు రాశారు. అందుకని నేను ఒక ఆటగాడిని ఎంచుకున్నాను. ఆయనది మన దేశం కాదు, అమెరికా. చనిపోయి డెబ్బై ఏళ్లు దాటింది. అయితే ఆయన కూడా మనలాగే ఒక తెగలో పుట్టి, ఇంటికి దూరంగా హాస్టల్లో పెరిగి, హాస్టలు గ్రౌండులోనే పైకొచ్చినవాడు. పేరు జిమ్ థోర్ప్.

ముందుగా ఒక మాట. ఆటల్లో గెలిచేవాళ్లు చాలామంది ఉంటారు. చప్పట్లు కొడతాం, కప్పు ఇస్తాం, మరుసటి ఏడు మర్చిపోతాం. కానీ కొందరు గ్రౌండులో అడుగు పెడితే చాలు, అందరి చూపూ వాళ్ల మీదికే పోతుంది. మెస్సులో తింటున్నవాడు కూడా పళ్లెం పట్టుకొని బయటికొచ్చి నిలబడతాడు. దీన్నే జనాకర్షణ అంటారు. ఇది బలం వల్ల వస్తుందా, రూపం వల్లా, గెలుపు వల్లా? జిమ్ జీవితం చదువుతున్నంతసేపూ నేను ఇదే ఆలోచించాను.

అమెరికా ఆదివాసులను మన పాత పుస్తకాల్లో రెడ్ ఇండియన్లు అని రాసేవారు. కొలంబస్ ఇండియాకు వచ్చాననుకొని పెట్టిన పేరు అది. తెల్లవాళ్లు వాళ్ల నేలలన్నీ తీసుకొని, తెగలను ఒకచోటి నుండి ఇంకోచోటికి తోలుతూ పోయారు. అలా తోలబడిన తెగల్లో సాక్ అండ్ ఫాక్స్ ఒకటి. చివరికి వాళ్లకు దక్కిన చోటు ఇప్పటి ఓక్లహోమా. అక్కడ 1887లో జిమ్ పుట్టాడు. తల్లి పెట్టిన పేరు వా-థో-హుక్. వెలుగుదారి అని అర్థం. ఎంత మంచి పేరో చూడండి! అయితే బడి రిజిస్టరులో జిమ్ అనే ఉండేది.

జిమ్‌కు చార్లీ అని కవల సోదరుడు ఉండేవాడు. ఇద్దరూ ఒకే బడికి వెళ్లారు. తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు చార్లీ న్యుమోనియాతో చనిపోయాడు. అప్పటి నుండి జిమ్ బడిలో నిలవలేదు. పారిపోయి ఇంటికి వచ్చేవాడు. తండ్రి తీసుకెళ్లి దింపేవాడు, మళ్లీ పారిపోయేవాడు. బడి ఇంటికి ఇరవై మైళ్ల పైనే ఉండేది. పరుగు నేర్చుకున్నది అక్కడేనేమో అని నా అనుమానం! చివరికి తండ్రి విసుగెత్తి, నడిచి రాలేనంత దూరం పంపించాలనుకున్నాడు. ముందు కాన్సాస్‌లో ఉన్న హాస్కెల్ బడికి, తర్వాత 1904లో పెన్సిల్వేనియాలో ఉన్న కార్లైల్ బడికి పంపాడు. తల్లి అప్పటికే లేదు. కార్లైల్‌కు వెళ్లిన కొద్దికాలానికే తండ్రి కూడా పోయాడు.

కార్లైల్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. 1879లో ఒక సైనికాధికారి ఆ బడిని పాత మిలటరీ బ్యారక్‌లలో పెట్టాడు. ఆదివాసీ పిల్లల్లో ఆదివాసీతనాన్ని తీసేసి తెల్లవాళ్లలా తయారు చేయడం దాని ఉద్దేశం. వెళ్లగానే జుట్టు కత్తిరించేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. మిలటరీ లాగా కవాతు. అక్కడే చనిపోయిన పిల్లల సమాధులు నూటికి పైగా ఉన్నాయి. ఔటింగ్ అనే మాట అక్కడ కూడా ఉండేది. మనకు ఔటింగ్ అంటే సంతోషం గదా, ఆదివారం సంతకు పోవచ్చు. అక్కడ ఔటింగ్ అంటే పిల్లలను తెల్ల రైతుల ఇళ్లకు పనికి పంపడం. జిమ్ కూడా అలా పనికి పోయాడు. మన హాస్టలులో మన పండుగ పాటలు మనం పాడుకుంటున్నాం, స్టడీ అవరు అయ్యాక మన భాషలో మాట్లాడుకుంటున్నాం. వాళ్లకు అది లేదు.

1907లో ఒకరోజు జిమ్ పని బట్టలతోనే గ్రౌండు పక్క నుండి వెళ్తున్నాడు. కొందరు పెద్ద విద్యార్థులు హై జంప్ చేస్తున్నారు. కర్ర 5 అడుగుల 9 అంగుళాల ఎత్తులో ఉంది. ఎవరూ దాటలేకపోతున్నారు. నేనూ ఒకసారి దూకనా అని అడిగి, ఆ బట్టలతోనే దూకి దాటేసి, తన దారిన తాను వెళ్లిపోయాడు. మరునాడు కోచ్ పాప్ వార్నర్ పిలిపించాడు. ఏదో తప్పు చేశానేమో అని జిమ్ భయపడ్డాడు. తీరా చూస్తే బడి రికార్డు బద్దలు కొట్టాడట!

ఈ సంఘటనలోనే ఆయన ఆకర్షణ అంతా ఉందని నాకు అనిపిస్తుంది. చాలామంది ఎత్తు దూకుతారు. దూకి వెనక్కి తిరిగి ఎవరు చూశారో చూసుకుంటారు. జిమ్ చూసుకోలేదు. పెద్ద పని కూడా పిల్లకాలువ దాటినట్టు కనిపించేది. అలాంటివాడిని చూస్తే మనకు కూడా దూకాలనిపిస్తుంది.

తర్వాత ఫుట్‌బాల్. ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్. కార్లైల్ చిన్న బడి. అయినా 1911లో హార్వర్డ్ అనే మహా విశ్వవిద్యాలయాన్ని 18-15తో ఓడించింది. జిమ్ కాలికి కట్టు కట్టుకొని ఆడి, నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. 1912 నవంబరులో సైనిక కళాశాల జట్టును 27-6తో ఓడించారు. వాళ్ల తాతలను తరిమినది ఆ సైన్యమే. ఆ ఓడిన జట్టులో ఐసెన్‌హోవర్ అనే కుర్రాడు ఉన్నాడు. తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. యాభై ఏళ్లకు కూడా జిమ్ ఆటను మర్చిపోలేదు, ఒక ఉపన్యాసంలో తలచుకున్నాడు.

ఈ రెండు ఆటల మధ్యలో, 1912 జూలైలో, స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ జరిగాయి. కార్లైల్ నుండి ఇద్దరు వెళ్లారు. ఒకడు జిమ్, రెండోవాడు హోపి తెగకు చెందిన లూయిస్ తెవానిమా. తెవానిమా 10,000 మీటర్ల పరుగులో రజతం తెచ్చాడు. జిమ్ స్వర్ణాలు గెలిచింది పెంటాథ్లాన్, డెకాథ్లాన్‌లలో. పెంటాథ్లాన్ అంటే ఐదు పోటీలు. అందులో నాలుగింట మొదటివాడు, జావెలిన్ ఒక్కదానిలో మూడవవాడు. డెకాథ్లాన్ అంటే పది పోటీలు: పరుగులు, హర్డిల్స్, లాంగ్ జంప్, హై జంప్, పోల్‌వాల్ట్, షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్. మూడు రోజులు జరిగింది. పదింటిలో దేనిలోనూ నాలుగో స్థానం కిందికి దిగలేదు. వచ్చిన పాయింట్లు 8,412. రెండవ స్థానం వచ్చిన స్వీడన్ క్రీడాకారుడు వీస్‌లాండర్‌కు 7,724. ఎంత తేడానో మీరే చూడండి.

అప్పటి ఫోటో ఒకటి ఉంది. నాకు చాలా ఇష్టం. జిమ్ నిలబడి ఉన్నాడు, కాళ్లకు రెండు రకాల బూట్లు, రెండు రకాల మేజోళ్లు. ఆయన బూట్లు పోతే దొరికినవి వేసుకున్నాడని చెబుతారు. ఒకటి పెద్దదైతే అదనంగా మేజోడు తొడుక్కున్నాడట. ముఖంలో మాత్రం ఏ ఇబ్బందీ కనిపించదు. ఆ కాళ్లు చూస్తే ఆయన మన గదిలో మంచం మీద కూర్చున్నవాడిలాగే ఉంటాడు.

స్వీడన్ రాజు ఐదవ గుస్తావ్ ఆయన చెయ్యి పట్టుకొని ప్రపంచంలోకెల్లా గొప్ప క్రీడాకారుడివని మెచ్చుకున్నాడు. జిమ్ పొరుగింటాయనకు చెప్పినట్టు థాంక్స్ చెప్పాడని అంటారు. పొగరు కాదు, అదరడం లేదు, అంతే. న్యూయార్క్ వీధుల్లో ఊరేగించినప్పుడు, అంతమంది తన పేరు పెట్టి అరవడం చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

ఇక్కడ నాకు కోపం వచ్చే సంగతి ఒకటి ఉంది. ఓడలో స్టాక్‌హోమ్ వెళ్తున్నప్పుడు అందరూ సాధన చేస్తుంటే జిమ్ నిద్రపోయేవాడని కొందరు పత్రికలవాళ్లు రాశారు. అడవి మనిషి, రక్తంలోనే ఉంది, సాధన అక్కర్లేదు అని వాళ్ల భావం. ఓడలో కలిసి ప్రయాణించిన సాటి ఆటగాళ్లు మాత్రం జిమ్ కూడా డెక్కు మీద రోజూ సాధన చేశాడని చెప్పారు. పైకి ఇది పొగడ్త లాగే ఉంటుంది. మనకు కూడా ఇలాంటివి చెబుతుంటారు గదా, కొండపిల్లలకు పరుగు పుట్టుకతోనే వస్తుంది అని. తెల్లవారుజామున లేచి చలిలో పరుగెత్తినది ఎవరూ లెక్కపెట్టరు. సులువుగా కనిపించడం వేరు, సులువుగా రావడం వేరు. జిమ్‌ను చూసిన జనం ఈ తేడా తెలుసుకోలేదు.

తర్వాత ఏం జరిగిందంటే, 1913 జనవరిలో ఒక పత్రిక ఒక విషయం బయటపెట్టింది. జిమ్ 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో కొద్ది డాలర్లకు బేస్‌బాల్ ఆడాడట. ఆ రోజుల్లో ఆటకు డబ్బు తీసుకున్నవాడు ఒలింపిక్స్‌కు పనికిరాడు. కాలేజీ కుర్రాళ్లు చాలామంది అలాగే ఆడేవారు, కానీ దొంగపేర్లతో. జిమ్ సొంత పేరుతో ఆడాడు! తనకు ఆ నియమాలు తెలియవని జిమ్ పేరుతో ఉత్తరం వెళ్లింది. కోచ్‌కూ బడికీ ఏమీ తెలియదని చెప్పుకున్నారు. రెండేళ్లు ఆటగాడు ఎక్కడికి పోయాడో కోచ్‌కు తెలియదంటే నేను నమ్మను. ఏదైనా అభ్యంతరం ఉంటే 30 రోజుల్లోపల చెప్పాలని ఒలింపిక్స్ నియమం. ఆరు నెలలు దాటిపోయింది. అయినా పతకాలు తీసేసుకున్నారు. రాజు పేరు మీద ఇచ్చిన కంచు విగ్రహం, రష్యా చక్రవర్తి ఇచ్చిన వెండి ఓడ కూడా తిరిగి పంపించాల్సి వచ్చింది. అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం కూడా 1924 దాకా రాలేదు. అంతకు 12 ఏళ్ల ముందే ఆయన ఆ దేశానికి రెండు స్వర్ణాలు తెచ్చాడు, 11 ఏళ్ల ముందే ఆ దేశం వాటిని లాక్కుంది.

పతకాలు పోయాయి గానీ జనం పోలేదు. న్యూయార్క్ జయంట్స్ జట్టు ఆయనను బేస్‌బాల్‌కు తీసుకుంది. 1915లో క్యాంటన్ బుల్‌డాగ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఒక్కో ఆటకు 250 డాలర్లు ఇచ్చింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఆయన వస్తే వేలమంది టికెట్టు కొనేవారు మరి. 1920లో వృత్తి ఫుట్‌బాల్ సంఘం, అంటే ఇప్పటి ఎన్.ఎఫ్.ఎల్., పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడుగా ఆయననే పెట్టారు. ఆఫీసు పని తెలుసని కాదు, పేరు కోసం. 41 ఏళ్ల వయసుదాకా ఆడాడు.

ఆట ఆగాక కష్టాలు మొదలయ్యాయి. తాగుడు ఉండేది, సంసారాలు నిలవలేదు. ఇది దాచిపెట్టి రాయడం నాకు ఇష్టం లేదు. సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. ఆదివాసీ వేషాలు ఆదివాసులకే ఇవ్వాలని స్టూడియోలతో వాదించాడు. మాంద్యం రోజుల్లో కాలువలు తవ్వే కూలి పని చేశాడు. 1932లో లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్ జరిగితే టికెట్టు కొనడానికి డబ్బు లేదు. ఆ సంగతి పత్రికల్లో వచ్చింది. అప్పటి ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ తల్లివైపు కా తెగవాడు. జిమ్‌ను తన దగ్గరికి పిలిపించి కూర్చోబెట్టాడు. స్టేడియంలో లక్షమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇరవై ఏళ్లయింది, చేతిలో పతకం లేదు, రికార్డుల పుస్తకంలో పేరు లేదు. అయినా లేచారు. మర్నాడు మళ్లీ కూలి వెతుక్కోవాలి. ఆ చప్పట్లు అన్నం పెట్టలేదు.

1950లో పత్రికా రచయితలు ఆ అర్ధశతాబ్దపు అత్యుత్తమ క్రీడాకారుడు ఎవరని ఓటు వేస్తే జిమ్‌కే ఎక్కువ వచ్చాయి. 1951లో ఆయన జీవితం మీద సినిమా వచ్చింది. అదే ఏడు పెదవికి కాన్సర్ వస్తే వైద్యానికి డబ్బు లేకపోయింది. 1953 మార్చి 28న గుండెపోటుతో చనిపోయాడు. పతకాలు తిరిగి ఇవ్వమని చాలామంది అడిగారు. అప్పుడు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘానికి అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్. 1912లో అవే పోటీల్లో జిమ్ చేతిలో ఓడినవాడు. 1972 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు, ఇవ్వలేదు. 1982లో ఉమ్మడి విజేత అని ఒప్పుకొని, 1983లో పిల్లలకు నకలు పతకాలు ఇచ్చారు. 2022 జూలై 15న, సరిగ్గా 110 ఏళ్లకు, ఆయన ఒక్కడే విజేత అని ప్రకటించారు. జిమ్ స్వర్ణం తనది కాదని వీస్‌లాండర్ ఎప్పుడూ అనుకునేవాడని ఆయన కుటుంబం చెప్పింది. ఓడినవాడు కూడా అలా అనుకున్నాడంటే చూడండి!

చనిపోయాక కూడా జిమ్‌కు జనాన్ని లాగే శక్తి ఉందని కొందరు లెక్క వేశారు. ఓక్లహోమాలో తెగ ఆచారం ప్రకారం అంత్యక్రియలు మొదలయ్యాయి. అది సగంలో ఉండగానే మూడవ భార్య వచ్చి శవాన్ని తీసుకుపోయింది. పెన్సిల్వేనియాలో బొగ్గు వ్యాపారం పడిపోయిన రెండు చిన్న ఊళ్లు ఆమెతో ఒప్పందం చేసుకున్నాయి. రెండూ కలిసిపోయి ఒకే ఊరై, జిమ్ థోర్ప్ అనే పేరు పెట్టుకున్నాయి. ఆ పేరు చూసి యాత్రికులు వస్తారని ఆశ. జిమ్ ఎప్పుడూ నివసించని ఊరు అది. తండ్రిని ఇంటికి తెచ్చుకోవాలని కొడుకులు కోర్టుకు వెళ్లారు. మొదట గెలిచారు, పై కోర్టులో ఓడారు, 2015లో సుప్రీం కోర్టు వినలేదు. ఆ సమాధి కింద స్టాక్‌హోమ్ స్టేడియం మట్టి కొంత, ఓక్లహోమా మట్టి కొంత తెచ్చి పోశారు.