మాటకు బాట వేసిన గ్రాహం బెల్

మాట మనుష్యునకు గొప్ప వరము. కాని నోటినుండి వెలువడిన మాట గాలిలో కొంతదూరము పోయి అణగిపోవును. ఎంత బిగ్గరగా కేకవేసినను పొరుగూరివానికి వినబడదు. అట్టి మాటను వందలకొలది మైళ్ల దూరము నడిపించుటకు బాట వేసినవాడు అలెగ్జాండర్ గ్రాహం బెల్. ఆ బాటయే కాలక్రమమున విశాలమై, నేడు వ్రాతలను, చిత్రములను, పాఠములను ఇంటింటికి చేర్చుచున్నది. దాని వెనుకనున్న భావములలో మూడింటిని బెల్ తన జీవితకాలముననే చేపట్టెను. వానిలో ఒక్కటి మాత్రమే ఆయనకు అపారమైన కీర్తి తెచ్చెను.

బెల్ 1847వ సంవత్సరము మార్చి 3వ తేదీన స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరమున జన్మించెను. ఆయన తాతయు తండ్రియు ఉచ్చారణవిద్యలో ఆరితేరినవారు. తండ్రి మెల్విల్ బెల్, మాటలాడునపుడు నాలుక, పెదవులు, కంఠము ఏయే స్థితులందుండునో తెలిపెడి గుర్తులతో ఒక లిపిని కల్పించెను. ఆ గుర్తులను చూచి బధిరులు సైతము పలుకుట నేర్చుకొనగలిగిరి. తల్లి ఎలైజాకు వినికిడి మిక్కిలి తక్కువ. అయినను ఆమె పియానో చక్కగా వాయించెడిది. ఇతరులు చెవిగొట్టము ద్వారా ఆమెతో బిగ్గరగా మాటలాడెడివారు. బాలుడైన బెల్ మాత్రము తల్లి నుదుటికి దగ్గరగా నోరుంచి, నిండుగొంతుకతో మెల్లగా పలికెడివాడు. ఆ కంపనములను బట్టి ఆమె కుమారుని మాటలను గ్రహించెడిది. శబ్దమనగా కంపనమే అను సత్యము ఆ బాలునకు పుస్తకములకంటె ముందుగా తల్లివలన తెలిసెను.

ఆ కుటుంబమును దుఃఖము వెన్నాడెను. బెల్ తమ్ముడు 1867లోను, అన్న 1870లోను క్షయవ్యాధిచే మరణించిరి. మిగిలిన ఒక్క కుమారునైనను కాపాడుకొనవలెనని తల్లిదండ్రులు 1870లో స్వదేశమును విడిచి కెనడాకు వలసపోయి, బ్రాంట్‌ఫర్డు పట్టణమువద్ద స్థిరపడిరి. అచ్చటి మంచిగాలివలన బెల్ కోలుకొనెను. మరుసటి సంవత్సరము ఆయన అమెరికాలోని బోస్టన్ నగరమునకేగి, బధిరుల పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1873లో బోస్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. ఆయన శిష్యులలో మేబెల్ హబ్బర్డు అను యువతి యుండెను. ఆమె అయిదేండ్ల ప్రాయమున జ్వరముచే వినికిడిని కోల్పోయెను. ఎదుటివారి పెదవుల కదలికను చూచి మాటలను గ్రహించుటలో ఆమె నేర్పరి.

ఆ దినములలో దూరవార్తలకు తంతియే ఆధారము. ఒక తీగపై ఒకే సమయమున పంపగలిగిన వార్తలు బహుకొద్ది. వార్తలు పెరిగినకొలది క్రొత్త తీగలు వేయవలసివచ్చుచుండెను. అది మిక్కిలి ఖర్చుతో కూడిన పని. బెల్‌కు ఒక ఉపాయము తోచెను. ఒక వీణ తంత్రిని మీటినపుడు, అదే శ్రుతిలోనున్న మరియొక తంత్రి దానంతట అదియే కంపించును. వేరు శ్రుతిలోనున్న తంత్రి కదలదు. అట్లే ఒక్కొక్క వార్తను ఒక్కొక్క శ్రుతిలో పంపినచో, అవి అన్నియు ఒకే తీగపై కలిసి ప్రయాణము చేసినను, అవతలి కొనను ఏ శ్రుతికి తగిన రేకు ఆ వార్తను మాత్రమే అందుకొనగలదు. బెల్ పగలు పాఠములు చెప్పుచు, రాత్రులు ఈ ప్రయోగములు సలిపెను. మేబెల్ తండ్రియైన గార్డినర్ హబ్బర్డును, మరియొక శిష్యుని తండ్రియైన థామస్ సాండర్సును ధనసహాయము చేసిరి. థామస్ వాట్సన్ అను యంత్రపు పనివాడు సహాయకుడయ్యెను.

శ్రుతులనే తీగపై పంపగలిగినపుడు మనుష్యుని మాటనేల పంపరాదని బెల్ తలంచెను. హబ్బర్డునకు ఈ ఆలోచన రుచింపలేదు. తంతిపని పూర్తిచేసినచో ధనము వచ్చుననియు, మాటను పంపుట వట్టి కలయనియు ఆయన అభిప్రాయము. బెల్ మేబెల్‌ను ప్రేమించుచుండెను; ఆమె తండ్రి మాటను త్రోసివేయుట సులభము కాదు. విద్యుచ్ఛాస్త్రమున తనకు తగిన జ్ఞానము లేదను సంకోచము కూడ ఆయనను బాధించెను. 1875 మార్చిలో ఆయన వాషింగ్టన్ నగరమునకు వెళ్లి, వృద్ధశాస్త్రజ్ఞుడగు జోసెఫ్ హెన్రీతో తన సంకటమును చెప్పుకొనెను. లేని జ్ఞానమును సంపాదించుకొనుమని మాత్రము ఆ పెద్ద ఉపదేశించెను. ఆ ఒక్క మాట బెల్ పాలిటికి గొప్ప బలమయ్యెను.

1875 జూన్ 2వ తేదీన వాట్సన్ ఒక గదిలో యంత్రమునకు అంటుకొనిపోయిన ఉక్కురేకును వ్రేలితో మీటెను. మరియొక గదిలో తన యంత్రమువద్దనున్న బెల్‌కు ఆ రేకు మ్రోత దాని సహజమైన నాదముతో వినవచ్చెను. శబ్దమునకు అనుగుణముగ విద్యుత్ప్రవాహమును హెచ్చుతగ్గులు చేయగలిగినచో మాటను కూడ పంపవచ్చునని బెల్‌కు దృఢముగ నమ్మకము కలిగెను. 1876 ఫిబ్రవరి 14వ తేదీన ఆయన పక్షమున పేటెంటు హక్కుకొరకు దరఖాస్తు దాఖలయ్యెను. ఆనాడే ఎలీషా గ్రే అను మరియొక పరిశోధకుడును అట్టి యంత్రమునుగూర్చి అదే కార్యాలయమున పత్రము దాఖలు చేసెను. వీరిలో ఎవరిది ముందు అను విషయమున నేటికిని వాదములు కలవు. మార్చి 7న బెల్‌కు హక్కు లభించెను. మార్చి 10న బెల్ యంత్రమున పలికి వాట్సన్‌ను పిలిచెను. వేరొక గదిలోనున్న వాట్సన్ ఆ పిలుపును తీగద్వారా విని పరుగెత్తుకొనివచ్చెను.

ఆ సంవత్సరమే ఫిలడెల్ఫియా నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. విద్యార్థుల పరీక్షలు దగ్గరపడినవని బెల్ సంశయింపగా, మేబెల్ పట్టుబట్టి ఆయనను పంపెను. జూన్ 25న బ్రెజిల్ చక్రవర్తి రెండవ పెడ్రో ఆ యంత్రమును చెవియొద్ద ఉంచుకొని మాటలు విని విస్మితుడయ్యెను. 1877 జూలైలో బెల్ టెలిఫోను సంఘము ఏర్పడెను. రెండు దినములకు బెల్, మేబెల్‌లకు వివాహమయ్యెను. బెల్ పది వాటాలను మాత్రము తనకుంచుకొని తక్కినవన్నియు భార్యకు కానుకగా ఇచ్చెను. లోకమంతయు వినగలిగిన ఆ యంత్రమున భర్త కంఠస్వరమును వినుటకు మాత్రము ఆమెకు సాధ్యము కాలేదు.

టెలిఫోను శీఘ్రముగా వ్యాపించెను. 1878 జనవరి 28న అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున 21 మంది చందాదారులతో వాణిజ్య ఎక్స్ఛేంజి ప్రారంభమయ్యెను. సరిగా నాలుగేండ్లకు, 1882 జనవరి 28న, మన దేశమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములకు ఎక్స్ఛేంజిలు వచ్చెను. ఆనాటి తెలుగు జిల్లాలు పెక్కింటికి మద్రాసే రాజధాని. కీర్తితోపాటు చిక్కులును వచ్చెను. బెల్ హక్కునుగూర్చి సుమారు 600 వ్యాజ్యములు నడచెను. 1888లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఆయన హక్కును నిలిపెను.

ఈ గందరగోళమునడుమ కూడ బెల్ పరిశోధన మానలేదు. తొలినాటి తీగలలో ప్రక్కనున్న తంతితీగల చప్పుళ్లు చొరబడి మాట వినబడకుండ చేయుచుండెను. రెండు తీగలను పురిపెట్టి జంటగా నడిపినచో, బయటి అలజడి రెండింటిపై సమానముగ పడి, ఒకదానినొకటి రద్దుచేసికొనునని బెల్ కనుగొనెను. 1881లో దీనికి పేటెంటు పొందెను. ఇంటింటికి వచ్చిన టెలిఫోను తీగ ఈ పురిజంటయే.

1880లో చార్లెస్ టైంటర్ అను సహాయకునితో కలిసి ఆయన మరియొక అద్భుతమును సాధించెను. పలుచని అద్దము వెనుక మాటలాడినపుడు అద్దము కంపించును. దానిపై పడిన సూర్యకాంతి ఆ కంపనములను మోసికొనిపోవును. అవతల సెలీనియమను పదార్థము ఆ కాంతిలోని మార్పులను విద్యుత్తుగా మార్చగా మాట వినవచ్చును. వాషింగ్టన్‌లో ఒక పాఠశాల మేడమీదినుండి 213 మీటర్ల దూరముననున్న ప్రయోగశాలకు మాట తీగ లేకయే చేరెను. దీనికి ఫోటోఫోను అని పేరు. తన కల్పనలలో టెలిఫోనుకంటె ఇదియే గొప్పదని బెల్ విశ్వాసము. కాని మేఘము క్రమ్మినను, మంచు పడినను ఆ వెలుగుబాట మూసుకొనిపోయెడిది. లోకము దానిని వింతగా చూచి ఊరకుండెను.

బెల్ తన్ను బధిరుల ఉపాధ్యాయునిగనే చెప్పుకొనుటకు ఇష్టపడెడివాడు. ఆరేండ్ల హెలెన్ కెల్లరును ఆమె తండ్రి ఆయనయొద్దకే తీసికొనివచ్చెను. ఆయన చూపిన దారివలననే ఆ బాలికకు గురువు లభించెను. తరువాత ఆమె తన ఆత్మకథను బెల్‌కే అంకితము చేసెను. అయితే ఈ విషయమున ఆయన పొరపాటు కూడ కలదు. బధిరులు నోటితోనే మాటలాడవలెనని పట్టుబట్టి, వారి చేతిసంజ్ఞల భాషను పాఠశాలలనుండి తొలగించవలెనని ఆయన వాదించెను. ఆ భాష తమకు జీవమువంటిదని బధిరులు అనేకులు బాధపడిరి. సంజ్ఞల భాష పూర్ణమైన భాషయని పండితులు తరువాతి కాలమున అంగీకరించిరి.

1915 జనవరి 25న న్యూయార్కునుండి బెల్‌యు, శాన్‌ఫ్రాన్సిస్కోనుండి వాట్సన్‌యు సుమారు 3,400 మైళ్ల తీగపై మాటలాడుకొనిరి. 1922 ఆగస్టు 2వ తేదీన బెల్ కెనడాలోని తన గృహమున కన్నుమూసెను. అంత్యక్రియల సమయమున ఉత్తర అమెరికాయందలి టెలిఫోనులన్నియు ఒక నిమిషము మౌనము వహించెను.

ఆయన కథ అంతటితో ముగియలేదు. కంప్యూటర్లు వచ్చిన తరువాత వాని సమాచారమును కూడ టెలిఫోను తీగపై పంపవలసివచ్చెను. మొదట ఆ సమాచారమును మాటకు కేటాయించిన ఇరుకు దారిలోనే త్రోసిరి. అందువలన వేగము సెకండునకు 56,000 బిట్లకు మించలేదు. ఆ సమయమున టెలిఫోనులో మాటలాడుటకును వీలుండెడిది కాదు. అంతట ఇంజనీర్లు, మాటకు తీగలో స్వల్పభాగము మాత్రమే చాలునని, తక్కిన భాగము ఊరకయున్నదని గుర్తించి, దానిని ఉపయోగమునకు తెచ్చిరి. 1999లో అంతర్జాతీయ ప్రమాణము పొందిన ఏడీఎస్ఎల్ పద్ధతిలో తీగ యొక్క సామర్థ్యమును 256 సన్నని శ్రుతులుగా విభజించి, అన్నింటిపై ఒకేసారి సమాచారమును పంపిరి. వేగము సెకండునకు సుమారు 80 లక్షల బిట్లకు చేరెను. మాటకును అడ్డు లేదు. పలు శ్రుతులు ఒకే తీగపై నడచుట అను బెల్ తొలి కల ఆయన పురిజంట తీగపైననే ఈ రూపమున ఫలించెను. మన దేశమున 2005 జనవరిలో భారత్ సంచార్ నిగం ఇళ్లలోని పాత టెలిఫోను తీగలపైననే ఈ సేవను ప్రారంభించెను.

కాని ఎక్స్ఛేంజికి దూరమైనకొలది రాగితీగలో ఈ శ్రుతులు క్షీణించును. అప్పుడు వెలుగు మరల అక్కరకు వచ్చెను. 1960లో లేసరు వెలువడెను. 1966లో చార్లెస్ కావో, జార్జి హాక్‌హాం అనువారు శుద్ధమైన గాజుతంతువు లోపల వెలుగును దూరము నడిపింపవచ్చునని తెలిపిరి. మేఘము, మంచు ఆ దారిని మూయజాలవు. 1970లో కిలోమీటరు దూరమునకు నూటికి ఒక వంతునకు మించి వెలుగు మిగులు తంతువు తయారయ్యెను. నేటి మంచి తంతువులలో నూటికి 95 వంతులు మిగులును. ఈ నష్టమును కొలుచు డెసిబెల్ అను ప్రమాణము బెల్ పేరిట వెలసినదే. కావోకు 2009లో నోబెల్ బహుమానము లభించెను. వీరు ఫోటోఫోనును అనుకరించినవారు కారు. అయినను వెలుగు మాటను మోయగలదని బెల్ 1880లోనే లోకమునకు చూపియుండెను.

తంతిపని విడిచి మాటను వెంబడించినందులకు బెల్‌ను పెద్దలు మందలించిరి. వెలుగుపై మాటను నడిపినందులకు లోకము ఆయనను మెచ్చుకొని మరచిపోయెను. ఆయన విడిచిన పనియు, లోకము మరచిన పనియు తగిన సాధనములు సమకూరిన పిమ్మట ఇంటింటికి ఉపకరించెను. సత్యమైన ప్రయత్నము ఒక తరమున ఫలింపకున్నను వ్యర్థము కాదనుటకు గ్రాహం బెల్ జీవితమే తార్కాణము.