ఒంటరిగా ఎక్కినవాడు, ఒంటరిగా మిగలనివాడు



ఫిల్మ్ నగర్‌లో మంచుకొండ దృశ్యం తీయడం పెద్ద పని కాదు. పెద్ద ఫ్యాన్లు గాలి పుట్టిస్తాయి, తెల్లని పొడి మంచు అవుతుంది. హీరో కాలు జారితే మళ్లీ తీస్తారు. సాయంత్రానికి అందరూ క్షేమంగా ఇళ్లకు చేరతారు. కొండలెక్కే వీరుడంటే మన పిల్లలకు ఆ తెర మీది మనిషే గుర్తొస్తాడు. నిజమైన గాలిలో, నిజమైన మంచులో నడిచిన మన తెలుగువాడి గురించి ఈ వారం చెప్పుకుందాం.

మల్లి మస్తాన్ బాబు 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లాలోని గాంధీ జనసంఘం అనే చిన్న పల్లెలో పుట్టారు. 1985లో విజయనగరం దగ్గరున్న కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరారు. ఆ ఏడాది అక్టోబరులోనే అదే బడిలో చదివిన లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు ఎవరెస్టు మీద ప్రాణం విడిచారు. సైనిక బృందంతో వెళ్లిన ఆయన, శిఖరానికి కిందనున్న సౌత్ కోల్ దగ్గర తుపానులో చిక్కుకున్నారు. దాదాపు 7,900 మీటర్ల ఎత్తులో, ఆ గాలికీ చలికీ ఆయనతోపాటు మరో ముగ్గురు అధికారులు కూడా చనిపోయారు. 

ఆ కథ వింటే ఎవరైనా కొండ పేరెత్తడానికే భయపడతారు. మస్తాన్ బాబుకు మాత్రం అది పిలుపులా వినిపించింది.

జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, సత్యంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ తర్వాత కలకత్తా ఐఐఎం. ఏ తల్లిదండ్రులైనా ఇక చాలు, స్థిరపడమనే దశ అది. ఆయన మాత్రం కొండలనే ఎంచుకున్నారు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టి, ఫిబ్రవరిలో అకాంకాగువా, మార్చిలో కిలిమంజారో, ఏప్రిల్ 1న కాసియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్‌లో ఎల్‌బ్రస్ ఎక్కి, జులై 10న అలాస్కాలోని డెనాలి మీద నిలిచారు. ఏడు ఖండాల ఏడు శిఖరాలు, 172 రోజులు. అది ఆనాటికి ప్రపంచ రికార్డు. చిత్రమేమిటంటే, ఆ ఏడు శిఖరాలను చేరింది వారంలోని ఏడు వేర్వేరు రోజుల్లో.

2015 మార్చి 24న, అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ పర్వతం మీదికి ఆయన ఒంటరిగా బయలుదేరారు. ఎత్తు ఆరువేల మీటర్లకు పైమాటే. వాతావరణం చెడింది. కబురు ఆగిపోయింది.

అప్పుడు కదిలినవారు ఆయన మిత్రులు. బడిలో, కాలేజీలో కలిసి చదువుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఏకమయ్యారు. ఫేస్‌బుక్‌లో పిలుపునిచ్చారు, ప్రభుత్వాల తలుపులు తట్టారు, డబ్బు పోగుచేశారు. రెండు దేశాల వైపు నుంచీ గాలింపు సాగింది. ఏప్రిల్ 3న ఆయన మృతదేహం దొరికింది. అప్పటికి ఆయన వయసు నలభై. కొండ నుంచి కిందికి, అక్కడి నుంచి సముద్రాలు దాటించి, ఆ నెలాఖరుకు పుట్టిన పల్లెకే తెచ్చారు. కన్నతల్లి కళ్లముందే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఆయన ఒంటరిగా వెళ్లడం సరైనదని నేను చెప్పలేను. అంత అనుభవం ఉన్నవాడికి కూడా, తుపాను ముంచుకొచ్చినప్పుడు వెనక్కి రమ్మని చెయ్యిపట్టి లాగే మనిషి ఒకడు పక్కన ఉండాలి. భాస్కరరావుకు పక్కన మిత్రులున్నా ప్రాణం దక్కలేదన్నది నిజమే. అయినా ఆ కొండ మీద తోడున్నారు. మస్తాన్ బాబు మిత్రులకు ఆ అవకాశం కూడా లేకపోయింది. వాళ్లు చేయగలిగింది ఆయన్ని మంచులో వదిలేయకపోవడమే. ఆ పని పూర్తిగా చేశారు.

మన సంఘాల్లోనూ అందరికంటే ఎత్తుకు ఎక్కేవాళ్లు ఉంటారు. చదువులో, సేవలో, ఉద్యోగంలో ముందుండే పిల్లలు. వాళ్లకు ఎవరి సాయమూ అక్కర్లేదని మనం అనుకుంటాం, చప్పట్లు కొట్టి ఊరుకుంటాం. వాళ్లలో ఎవరి దగ్గర నుంచి ఈమధ్య కబురు ఆగిపోయిందో ఆలోచించండి. వెతకడానికి వెళ్లే రోజు రాకముందే, ఈ ఆదివారం వాళ్లింటికి ఒకసారి వెళ్లి రండి.